మొహం చౌడాగా ఉందా? అది ఎముకా, కండరమా, కొవ్వా: ముందు తెలుసుకోండి

పోయిన చలికాలంలో మా ఖాలా ఇంట్లో ఒక రిష్తా మాట నడిచింది. అబ్బాయి తరఫు వాళ్లు వచ్చారు, చాయ్ తాగారు, సేవియా తిన్నారు, దువా చేసి వెళ్లారు. రెండు రోజుల తర్వాత మధ్యవర్తి ఫోన్. "అమ్మాయి మంచిదే, చదువూ బాగుంది. కాకపోతే మొహం కొంచెం చౌడాగా ఉందంటున్నారు."

ఆ ఒక్క మాట ఇంట్లో ఎంత పని చేసిందో చెప్పలేను. మా చెల్లి దుపట్టా చెంపల మీదకి లాక్కోవడం మొదలుపెట్టింది. రాత్రి అన్నం మానేసింది. రెండు నెలల్లో బరువు తగ్గింది, కళ్ల కింద నలుపు వచ్చింది, కానీ దవడ మాత్రం అలాగే ఉంది. ఇంతలో ఒక బ్యూటీ పార్లర్ ఆమె "ఒక్క ఇంజెక్షన్‌తో మొహం వి-షేప్‌లోకి వచ్చేస్తుంది" అని చెప్పింది. ఖాలా కంగారుపడి నాకు ఫోన్ చేసింది. "నువ్వు రిపోర్టర్‌వి కదా బేటా, ఇది నిజమేనా, కాస్త కనుక్కో."

నేను చదివింది బి.కామ్, డాక్టర్‌ని కాను. అందుకే పళ్ల డాక్టర్ల దగ్గర కూర్చుని అడిగాను, చదివాను. అప్పుడు అర్థమైంది, మనం "మొహం వెడల్పు" అని ఒక్క మాటలో తేల్చేసే దాని వెనక నాలుగైదు వేరు వేరు కారణాలుంటాయని. కారణం తెలియకుండా చేసే వైద్యం డబ్బుకీ నష్టమే, ఒంటికీ నష్టమే. ఈ సంగతి మా ఇంటికే కాదు, పెళ్లీడు పిల్లలున్న చాలా ఇళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొహం లెక్కల పుస్తకం

కామర్స్ వాళ్ల భాషలో చెప్పాలంటే మొహం కింది సగంలో మూడు రకాల ఆస్తులుంటాయి. ఎముక స్థిరాస్తి. ఒకసారి కట్టాక సులువుగా మారదు. కండరం నడుస్తున్న వ్యాపారం లాంటిది. ఎంత పని ఇస్తే అంత పెరుగుతుంది, పని తగ్గితే మెల్లగా తగ్గుతుంది. కొవ్వు చేతిలో నగదు. బరువు పెరిగితే వస్తుంది, తగ్గితే పోతుంది. వీటితో పాటు చెవి ముందు, చెవి కింద లాలాజలం తయారుచేసే గ్రంథి ఒకటి ఉంటుంది. పైన చర్మం.

ఏది ఎంత ఉందో ఇంట్లోనే కొంతవరకు చూసుకోవచ్చు. రెండు చేతుల వేళ్లు చెవి కింద, దవడ వంపు తిరిగే మూల మీద పెట్టండి. వెనక పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద ఒక ముద్ద ఉబ్బి గట్టిపడుతుంది, వదిలేస్తే మెత్తబడుతుంది. అదే కండరం. బిగించినా వదిలినా మారకుండా రాయిలా ఉండేది ఎముక. రెండు వేళ్ల మధ్య చిటికెతో పట్టుకుంటే చేతికొచ్చేది చర్మం, దాని కింది కొవ్వు. డాక్టర్లు కూడా ముందు చేత్తో ఇలాగే చూస్తారు. అనుమానం ఉంటే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ లాంటి వాటితో ఖాయం చేసుకుంటారు.

మా చెల్లి అన్నం మానేసినా దవడ తగ్గకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ఆమె తగ్గించుకున్నది కొవ్వు. ఆమె దవడ వెడల్పులో కొవ్వు వాటా అసలే తక్కువ.

ఎముక ఎలా తయారవుతుంది?

మొహంలోని ఎముకలన్నిటిలో పెద్దది, గట్టిది కింది దవడే. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. పుట్టినప్పుడు ఇది రెండు ముక్కలు. మొదటి ఏడాదిలో గడ్డం దగ్గర అవి రెండూ కలిసిపోతాయి. చెవి కింద ఎముక వంపు తిరిగే చోట ఒక కోణం ఉంటుంది. పసిపిల్లల్లో ఆ కోణం బాగా విప్పారి ఉంటుంది. పళ్లు వచ్చి, నమలడం మొదలై, పెద్దయ్యేకొద్దీ అది ముడుచుకుని సుమారు 120 డిగ్రీలకి వస్తుంది. ఈ అంకె మనిషి మనిషికీ కొంత మారుతుంది. కోణం తక్కువైతే దవడ మూల బయటికి కనిపించి మొహం నలుచదరంగా ఉంటుంది. ఎక్కువైతే మొహం పొడుగ్గా, కోలగా కనిపిస్తుంది.

ఈ ఆకారంలో పెద్ద వాటా వంశానిదే. మా చెల్లి విషయంలో ఖాలా పాత ఆల్బం తీసింది. అందులో ఖాలూ వాళ్ల అబ్బా ఫోటో ఉంది. అదే దవడ, అదే మూల. ఆయన్ని ఊళ్లో అందరూ "ఎంత రోబ్ ఉన్న మొహం" అని పొగిడేవాళ్లట! తాతలో రోబ్ అయింది మనవరాలిలో ఐబ్ ఎలా అయిందో మీరే ఆలోచించండి.

ఆడా మగా తేడా ముఖ్యంగా కౌమారంలో వస్తుంది. మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ హార్మోన్ పెరగడంతో దవడ పెద్దదవుతుంది, గడ్డం ముందుకొస్తుంది. ఆడపిల్లల్లో దవడ ఎదుగుదల ముందే ఆగుతుంది, మగపిల్లల్లో ఇంకో రెండు మూడేళ్లు ఎక్కువ సాగుతుంది. అందుకే 15 ఏళ్ల అబ్బాయి "నాకు గడ్డం లేదు, దవడ లేదు" అని దిగులుపడితే ఇంకా టైముందని చెప్పండి.

ఇంకో మాట. మన ఇళ్లల్లో దాదీలు, నానీలు పసిబిడ్డకి మాలిష్ చేస్తూ ముక్కు, గడ్డం ఒత్తి "ఆకారం" తెస్తుంటారు. ప్రేమతో చేసే మాలిష్ మంచిదే. కానీ చేత్తో ఒత్తితే ఎముక ఆకారం మారదు. గట్టిగా ఒత్తితే బిడ్డకి నొప్పి తప్ప ఇంకేం మిగలదు.

కండరం ఎందుకు పెరుగుతుంది?

నమలడానికి మనకి ముఖ్యంగా నాలుగు జతల కండరాలున్నాయి. అందులో బయటికి కనిపించేది మాసెటర్. చెంప ఎముక దగ్గర మొదలై దవడ మూలకి అతుక్కుని ఉంటుంది. కణతల దగ్గర ఇంకొకటి ఉంటుంది. పళ్లు బిగిస్తే అక్కడా కదలిక తెలుస్తుంది.

జిమ్‌కి వెళ్తే చెయ్యి కండ పెరిగినట్టే, ఎక్కువ పని పడితే మాసెటర్ కూడా పెరుగుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 1880లోనే లెగ్ అనే ఇంగ్లండ్ డాక్టర్ పదేళ్ల పాపలో దవడ కండరాలు, కణత కండరాలు రెండు వైపులా పెరగడం గురించి రాశారు.

ఎక్కువ పని అంటే రోజూ భోజనం, వారానికోసారి బోటీ నమలడం కాదు. అంత మాత్రానికి ఎవరి మొహమూ మారదు. గంటల తరబడి చూయింగ్ గమ్, వక్కపొడి నమలడం ఒక కారణం. నిద్రలో పళ్లు నూరడం, పగలు చదువుకుంటూనో, బండి నడుపుతూనో, కోపం ఆపుకుంటూనో తెలియకుండా పళ్లు బిగించి ఉంచడం ఇంకో కారణం. ఒక వైపు పన్ను పుచ్చిపోయి నొప్పి పుడితే ఏళ్ల తరబడి రెండో వైపే నమిలే వాళ్లున్నారు. వాళ్లలో ఒక చెంప ఎక్కువగా కనిపించొచ్చు. కొందరిలో ఏ కారణమూ దొరకదు, కండరమే పెద్దగా ఉంటుంది.

డాక్టర్ మా చెల్లి నోరు తెరిపించి చూడగానే వెనక పళ్లు అరిగి చదునైపోయి ఉన్నాయి. "రాత్రి పళ్లు నూరుతావా?" అని అడిగారు. తను లేదంది. పక్కనే ఉన్న చిన్న చెల్లి వెంటనే అంది, "నూరుతుంది డాక్టర్ గారూ, పక్కన పడుకోలేం." పొద్దున లేవగానే కణతల దగ్గర నొప్పి, దవడ పట్టేసినట్టు ఉండడం కూడా అప్పుడు బయటికొచ్చాయి. ఆ తలనొప్పికి రెండేళ్లుగా మాత్రలు మింగుతోంది. మొహం గురించి అందరం మాట్లాడాం కానీ, ఆ నొప్పి గురించి ఒక్కరం అడగలేదు.

పళ్లు నూరడానికి మనసులో ఒత్తిడి, సరిగా నిద్ర లేకపోవడం, చాయ్ కాఫీలు ఎక్కువవడం, సిగరెట్, కొన్ని రకాల మందులు తోడవుతాయి. డాక్టర్లు రాత్రి పెట్టుకోవడానికి పళ్లకి సరిపోయే ఒక తొడుగు ఇస్తారు. నైట్ గార్డ్ అంటారు. అది పళ్లు అరగకుండా కాపాడుతుంది. కండరాన్ని కరిగించే మంత్రం మాత్రం కాదు. పగటి పూటకి ఒక సులువైన అలవాటు చెప్పారు: పెదవులు కలిసి ఉండాలి, పళ్లు ఎడంగా ఉండాలి. తిననప్పుడు పై పళ్లు, కింది పళ్లు తగలాల్సిన పనే లేదు.

ఎముకకీ కండరానికీ సంబంధం

ఈ రెండూ పూర్తిగా వేరు కాదు. ఎముక మీద పడే బలాన్ని బట్టి అది తనను తాను సర్దుకుంటుందని జర్మనీకి చెందిన సర్జన్ జూలియస్ వుల్ఫ్ 1892లో చెప్పారు. మాసెటర్ బలంగా లాగే చోట, అంటే దవడ మూల దగ్గర, ఎముక అంచు బయటికి మందంగా పెరగొచ్చు. పళ్లన్నీ ఊడిపోయిన ముసలివాళ్లలో దీనికి తిరగబడ్డ లెక్క కనిపిస్తుంది. పన్ను లేని చోట దవడ ఎముక ఏటా కొంత కరిగిపోతుంది, కండరం పలచబడుతుంది, చెంపలు లోపలికి పోతాయి, గడ్డం ముక్కు దగ్గరికి వస్తుంది. "వయసైపోయింది" అని మనం వదిలేస్తాం. కట్టుడు పళ్లు సకాలంలో పెట్టిస్తే నమలడం, మాట, మొహం మూడూ బాగుపడతాయి. అబ్బా అమ్మీల కోసం చేయగలిగిన ఖిద్మత్‌లో ఇదీ ఒకటి.

అబ్బాయిలకి ఒక మాట

అమ్మాయిలు దవడ తగ్గాలని చూస్తుంటే మన అబ్బాయిలు పెరగాలని తంటాలు పడుతున్నారు. గట్టి గమ్‌లు, నోట్లో పెట్టుకుని కొరికే రబ్బరు బంతులు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నారు. వీటితో కండరం కొంత ఉబ్బొచ్చు, కానీ ఎదుగుదల ఆగిపోయిన ఎముక పెద్దది కాదు. పైగా చెవి ముందుండే దవడ కీలు మీద భారం పడి నొప్పి, నోరు తెరిస్తే టక్ టక్ శబ్దం, పళ్లు పగలడం లాంటివి రావొచ్చు.

నాలుకని అంగిటికి అంటించి ఉంచితే మొహం మారిపోతుందనే "మ్యూయింగ్" కూడా వీడియోల్లో బాగా తిరుగుతోంది. బ్రిటన్‌కి చెందిన పళ్ల డాక్టర్లు జాన్ మ్యూ, ఆయన కొడుకు మైక్ మ్యూ పేరు మీద వచ్చిన మాట అది. పెద్దవాళ్లలో దీనితో దవడ ఎముక మారుతుందని నమ్మదగిన ఆధారం లేదు. వీడియోల్లో ముందూ తర్వాతా చూపించే ఫోటోల్లో చాలావరకు తల ఎత్తిన తీరు, వెలుతురు, గడ్డం పెంచడం, బరువు తగ్గడం పని చేస్తాయి. సెల్ఫీ కూడా అంతే. ఫోన్ మొహానికి దగ్గరగా పెడితే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నగా కనిపిస్తాయి. ఫిల్టర్ సగం దవడ కోసేస్తుంది. ఆ ఫోటోతో రిష్తా పంపి, మనిషిని చూశాక ఇద్దరూ ఇబ్బంది పడడం ఎందుకు?

ఇంజెక్షన్ సంగతి

పార్లర్ ఆమె చెప్పిన ఇంజెక్షన్ బొట్యులినమ్ టాక్సిన్. దీన్ని దవడ కండరం తగ్గించడానికి వాడిన మొదటి రిపోర్టులు 1994లో వచ్చాయి. ఇది నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని కొంతకాలం ఆపుతుంది. పని తగ్గిన కండరం కొన్ని వారాల్లో చిన్నదవుతుంది. కొన్ని నెలలయ్యాక మందు ప్రభావం పోతుంది, కండరం మళ్లీ పెరగొచ్చు. అంటే ఒక్కసారితో తీరేది కాదు, మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. కండరం వల్ల వచ్చిన వెడల్పుకే పని చేస్తుంది. ఎముక వల్ల వచ్చిన వెడల్పుకి ఎన్ని ఇంజెక్షన్లు చేసినా డబ్బు దండగే.

మందు పక్క కండరానికి పాకితే నవ్వు ఒక వైపు వంకర పోవచ్చు. నమలడం నీరసంగా ఉండొచ్చు. వయసు పైబడిన వాళ్లలో చెంప చర్మం వేలాడొచ్చు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఇవ్వరు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో నమిలే కండరానికి ఈ మందు ఇచ్చాక దవడ కీలు దగ్గర ఎముక పలచబడడం కనిపించింది. తీవ్రంగా పళ్లు బిగించే కొందరికి నొప్పి తగ్గడానికి డాక్టర్లు ఈ మందు వాడతారు, అది వేరే లెక్క. చదువుకున్న డాక్టర్ చూసి చేయాల్సిన పనిని పార్లర్‌లో చేయించుకోవడమంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

దవడ ఎముకనే కోసి తగ్గించే ఆపరేషన్ కూడా ఉంది. దక్షిణ కొరియాలో బాగా పేరున్నది. అది పెద్ద సర్జరీ. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం ఆ ఎముక లోపల నుంచే వెళ్తుంది. అది దెబ్బతింటే తిమ్మిరి ఉండిపోవచ్చు.

దీన్ పరంగా అడిగేవాళ్లుంటారు. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా చెప్పను. ఉలమాలు సాధారణంగా చెప్పే తేడా ఒకటి అందరికీ తెలిసిందే: రోగానికీ, గాయానికీ, లోపానికీ చేసే చికిత్స వేరు, అల్లాహ్ ఇచ్చిన ఆరోగ్యమైన రూపాన్ని అందం కోసం మార్చుకోవడం వేరు. యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న అర్ఫజా గారికి (రజి.) వెండి ముక్కు పడకపోతే బంగారు ముక్కు పెట్టుకోమని ప్రవక్త (స) చెప్పిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. మీ విషయం ఏ కోవలోకి వస్తుందో డాక్టర్ రిపోర్టు పట్టుకెళ్లి మీకు నమ్మకమున్న ముఫ్తీ సాబ్‌ని అడగండి.

వీటిని మాత్రం వదిలేయొద్దు

మొహం ఆకారం చాలామందిలో రోగం కాదు. కానీ కొన్నిసార్లు అదే రోగం మొదటి గుర్తు.

పిల్లలు గడ్డం మీద పడడం: మెట్ల మీద, డాబా మీద గాలిపటం ఎగరేస్తూ, సైకిల్ మీద నుంచి పడి గడ్డం చీలితే కుట్లు వేయించి వచ్చేస్తాం. ఆ దెబ్బ చెవి ముందున్న కీలుకి తగిలి ఉండొచ్చు. దాన్ని గమనించకపోతే కీలు మెల్లగా ఎముకతో అతుక్కుపోయి నోరు తెరుచుకోదు. ఆ వైపు దవడ ఎదగదు, గడ్డం లోపలికి ఉండిపోతుంది, నిద్రలో ఊపిరి కూడా ఇబ్బంది అవుతుంది. పడిన తర్వాత వారం రెండు వారాలు బిడ్డ నోరు ఎంత తెరుస్తోందో రోజూ చూడండి. తగ్గుతుంటే వెంటనే డాక్టర్‌కి చూపించండి. త్వరగా వ్యాయామం మొదలుపెడితే చాలావరకు ఆపొచ్చు.

ఎప్పుడూ నోరు తెరిచి పడుకునే పిల్లలు: ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగి ఊపిరి ఆడకపోతే నోటితో పీలుస్తారు, గురక పెడతారు. ఏళ్ల తరబడి ఇలా సాగితే మొహం పొడుగ్గా, పై పళ్లు ముందుకి వచ్చేలా ఎదగొచ్చు. ఎదిగే వయసులో చూపిస్తే ఉపయోగం ఎక్కువ.

గుట్కా, వక్క: నిషేధం ఉన్నా గుట్కా దొరుకుతూనే ఉంది. వక్క నమిలేవాళ్లలో నోటి లోపలి పొర బిగుసుకుపోయి, చెంపలు గట్టిపడి, నోరు తెరుచుకోకుండా పోతుంది. కారం తగిలితే మంట మొదటి గుర్తు. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. మీ మూడు వేళ్లు నిలువుగా పేర్చి నోట్లో పెట్టి చూడండి. పట్టకపోతే ఆలస్యం చేయొద్దు.

ఒక వైపే కొత్తగా వాపు: జ్వరంతో వస్తే గవదబిళ్లలు కావొచ్చు, పన్ను చీము కావొచ్చు. నొప్పి లేకుండా మెల్లగా పెరిగే గడ్డ అయితే లాలాజల గ్రంథిది కావొచ్చు. దానికి మసాజ్ చేయొద్దు, చూపించండి.

ఇవన్నీ చూసేది పళ్ల డాక్టర్లు, ముఖ్యంగా దవడ సర్జరీ చదివిన వాళ్లు. ప్రైవేటుకి స్థోమత లేకపోతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి.

చివరిగా

మా చెల్లి ఇప్పుడు రాత్రి తొడుగు పెట్టుకుని పడుకుంటోంది. పొద్దున తలనొప్పి బాగా తగ్గింది, అల్హమ్దులిల్లాహ్. మళ్లీ కడుపు నిండా అన్నం తింటోంది. మొహం చౌడాయేనా అంటే, అవును, చౌడాయే. ఎక్కువ భాగం తాత ఇచ్చిన ఎముక, అది ఎక్కడికీ పోదు. ఇంజెక్షన్ మాట ఇంట్లో మళ్లీ ఎత్తలేదు. ఖాలా ఈసారి రిష్తాకి ఫిల్టర్ లేని ఫోటో పంపింది.

పిల్లని చూడ్డానికి వెళ్లే పెద్దలకి ఒక్క మనవి. నచ్చకపోతే "కుదరలేదు" అనండి, సరిపోతుంది. ఒక ఇంట్లో మీరు అలవోకగా అనేసి వచ్చిన మాట ఆ ఇంటి అమ్మాయి చేత నెలల తరబడి అన్నం మాన్పించగలదు. ఎముకని ఎవరూ ఎంచుకుని పుట్టరు. మాట మాత్రం మనం ఎంచుకుని మాట్లాడేదే.